కండ్లు తెరిచిన కాయలు

రిబ్కమ్మ పోయిన రోజుకు పెరట్లో సీతాఫలాలు ఇంకా కండ్లు తెరవలేదు.

కాయ మీది గడుల మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే కండ్లు తెరిచిందంటారు. అప్పుడు కోసి గడ్డిలో మాగేయాలి. ముప్పై ఏండ్లు ఆ చూపు రిబ్కమ్మదే. ఆమె భర్త సమ్మయ్య సార్‌కు బడి తప్ప ఇంకేదీ పట్టేది కాదు. గోడ ఇవతలి కాయలన్నీ చెట్టు మీద పండకముందే ఆమె కోసేది. గోడ దాటి గుట్ట వైపు వాలిన కొమ్మను మాత్రం ముట్టేది కాదు.

"అది గుడ్డెలుగు వంతు. ఇంట్ల పండు వాసన రాకుంటె అదెందుకొస్తది?" అనేది.

ఆమెను సమాధి చేసి వచ్చాక సార్ పెరటి తలుపు తీయలేదు. కాయలు కండ్లు తెరిచాయి, పండాయి, రాలాయి. వాసన గుట్టెక్కింది. అక్టోబరులో ఒక తెల్లవారుజామున గుట్ట మీది ఎలుగుబంటి గోడ దిగి వచ్చి, రాలిన పండ్లు తిని, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అంత మర్యాదగా వచ్చిపోయిన చుట్టం, సార్ ఇంటి చుట్టూ కొత్తగా లేచిన కాలనీకి ఈ మధ్య ఎవరూ లేరు.

అయినా కాలనీ పరేషానైంది. కాలనీ అధ్యక్షుడు ఓంప్రకాశ్, సమ్మయ్య సార్ ఇంటి ముందే మీటింగ్ పెట్టాడు. ఎలుగుల గుట్టను సగం గ్రానైటుకు తవ్వించి, మిగిలిన సగం కింద ప్లాట్లు చేసి, దానికి 'ప్రకృతి ఒడి' అని పేరు పెట్టింది ఆయనే. ప్రకృతి ఇంత దగ్గరికి వస్తుందని కరపత్రంలో వేయించలేదు మరి.

"సార్, జర దరఖాస్తు రాయుండ్రి. గుడ్డెలుగు మన హద్దుల్లకొచ్చిందని రాస్తె బోను పెట్టి పట్కపోతరు."

"ఎవరి హద్దు?"

"మనదే సార్. రిజిస్ట్రేషన్ గూడ అయింది."

"దానికి నోటీసిచ్చిండ్రా?"

ఓంప్రకాశ్ జాలిగా చూశాడు. "దుఃఖంల ఉన్నరు సార్, గందుకే గిట్ల మాట్లాడుతుండ్రు. వచ్చింది మీ పెరట్లకు గద, మీ సంతకం లేకుంటె బోను రాదంట."

పక్కింటి జమాలున్నీసా ఊరుకోలేదు. "అక్క ఉన్నన్ని రోజులు అది ఒక్కపారన్న గోడ దిగిందా సార్? ఊరందరి పిల్లలకు కండ్లు తెరిపిచ్చిండ్రు, మీ పెరట్ల కాయ కండ్లు తెరిస్తె చూడలే. గా ముచ్చట రాయుండ్రి!"

కొందరు నవ్వారు. సార్ నవ్వలేదు. కాగితం తీసుకుని, ఒక మాట రాసి కొట్టేసి, మళ్లీ రాశాడు:

"ఎలుగు పిలవకుండా రాలేదు. పండ్లు సమయానికి కోయక నేనే పిలిచాను. బోను అవసరం లేదు. గోడ ఇవతలి కాయలు నేను కోస్తాను. అవతలివి దానివి."

కింద సంతకం చేశాడు.

"అక్షరాలు ముత్యాల లెక్కున్నయి సార్. గని గిది దరఖాస్తు గాదు," అన్నాడు ఓంప్రకాశ్.

బోను రాలేదు. దానికి బదులు కాలనీ మొదట్లో 'జాగ్రత్త' అని ఫ్లెక్సీ వెలిసింది. అందులో ఎలుగు బొమ్మ కన్నా ఓంప్రకాశ్ ఫోటో పెద్దది. ఎవరిని చూసి జాగ్రత్త పడాలో మాత్రం వేయలేదు.

మర్నాడు సార్ పెరటి తలుపు తీశాడు. కాయలు కోసే దోటి గోడకు ఆనించి ఉంది. పట్టుకునే చోట రిబ్కమ్మ చుట్టిన పాత చీర పేలిక, ఆమె చేతి మాపుతో అట్లనే ఉంది. దాని మీద చేయి వేసి, వెనక్కి తీసుకున్నాడు.

గోడ ఇవతలి కొమ్మల్లో కండ్లు తెరిచిన కాయలు ఇంకా ఉన్నాయి. కోస్తానని రాసిచ్చినా, వాటిని కోయడానికి సార్‌కు ఇంకా చేతులు రాలేదు.