తలుపు పడేదాకా

“అందరు బయటికొస్తే, మరి వదిన లోపట ఒక్కతే ఉంటదా? ఏమన్నయితే ఎవలు చూస్తరే?”

ఇంకా ఏమీ జరగకముందు అన్న మాట ఇది. నాచారంలో మా ఇంట్లో, పొద్దున్నే త్రివేణికి డబ్బా కడుతూ అన్నాను. నా బిడ్డ నవ్వింది.

“అమ్మా, నువ్వు బస్సెక్కితే బ్రేకు పోతదంటవు, గ్యాసు మారిస్తే పేలుతదంటవు. బయట టీవీల చూస్తనే ఉంటం. నేనుంట గదా.”

“నువ్వుంటే నీకేమయితదోనని నాకింకో ఫికరు.”

“నీ భయమెంత మందముంటదో ఆ గోడలు గూడ గంత మందముంటయి. ఏం గాదు.”

త్రివేణి డాక్టరు కాదు. ఫిజిక్సు చదివి, కాన్సరు దవాఖానలో మిషన్ల లెక్కలు చూసే పని నేర్చుకుంటోంది. నాకు అర్థమైనంత చెబుతాను. సన్నని తీగ చివర రేడియేషన్ చిమ్మే బియ్యపుగింజంత ముక్క ఉంటుందట. రోగి ఒంట్లో పెట్టిన గొట్టంలోకి అది పోయి, పుండు పక్కన కాసేపు నిలబడి, మళ్లీ తన పెట్టెలోకి వస్తుందట. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది వీళ్లు కట్టే లెక్క. ఆ పని నేర్చుకోడానికి నేపాల్ నుంచి, శ్రీలంక నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిల్లలొచ్చారని చెప్పింది. ఒక ప్లాస్టిక్ బొమ్మను బల్ల మీద పండబెట్టి అందరికీ ఒకే తీరుగా నేర్పారట. గొట్టాలు బిగించాలి, కొలత చూడాలి, రోగి తప్ప ఎవరూ మిగల్లేదని చూసుకొని బయటికి నడవాలి, తలుపు మూయాలి. అందరికంటే చివర బయటికొచ్చేది తనేనని నా బిడ్డ గొప్పగా చెప్పుకుంది.

వదినంటే మా ఆయన అక్క, సారలమ్మ. ఆమె భర్త, నాకు అన్న వరుసయ్యే పోశయ్య పోయినప్పటి నుంచి చిల్కానగర్‌లో ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. నేను ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోయిన రోజుల్లో త్రివేణిని సంకనేసుకొని పెంచింది ఆమే. గర్భసంచి మూతికి కాన్సరని తేలినప్పుడు, మన పిల్ల ఉన్నది కదా అని అదే దవాఖానకు తీసుకుపోయాం. పైనుంచి కరెంటు, అదే రేడియేషన్, పెట్టడం అయిపోయింది. ఇక లోపలి కరెంటు, వారానికొకసారి, నాలుగుసార్లు.

మొదటిసారి అయిపోయి బయటికొచ్చిన వదిన ఆటోలో ఉప్పల్ దాకా రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. నొప్పేమో అనుకున్నాను. మరుసటి వారం తెలంగాణ బందు, బస్సులు లేవు, ఆటోలు లేవు. బందు అయిపోయింది. వదిన రాలేదు. త్రివేణి ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీ దిగి చిల్కానగర్ పోతే, పక్కింటామెతో మాట్లాడుతున్న వదిన దీన్ని చూసి లోపలికి పోయిందట. గడపలో కూర్చొని కూర్చొని వచ్చేసింది నా బిడ్డ.

నా భయం ఎప్పుడూ చెడ్డ వైపే పోతుంది. “ఏమన్న ఎక్కువ తక్కువ పెట్టినవా?” అని అడిగాను.

“లేదమ్మా. నేను చూసిన, మా విశ్వనాథం సార్ చూసిండు. లెక్క సరిగ్గనే ఉన్నది.” అన్నం కలుపుతూ ఆగిపోయింది. “నడుమల గింత ఎడం వస్తే పుండు మల్ల లేస్తదమ్మా. ఇచ్చిన కరెంటంత పాడైతది. అత్తకు చెప్పున్రి ఎవరన్న.”

మా ఆయన హన్మయ్య పోయి అక్క మీద అరిచి వచ్చాడు. లాభం లేదు. నేను కీసర రామలింగేశ్వరునికి మొక్కుకున్నాను. ఆ వారం కూడా పోయింది. చివరికి నేనే పోయాను.

వదిన వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చొని ఒక పిడికెడు ముందేసుకున్నాను.

“నొప్పయిందా వదినా?”

“నొప్పికైతే రాకుండ ఉంటనా?”

“మరేంది?”

గింజలు తీస్తూనే, నన్ను చూడకుండా చెప్పింది.

“మీ అన్నను మట్టిజేసిన నాడు నువ్వు గూడ ఉన్నవు గదనే. అందరం ఏం జేసినం? బొందల గడ్డ కాడ అంత అయినంక, వెనుకకు తిరిగి చూడకుండ వచ్చినం. చూడొద్దన్నరు పెద్దోళ్లు. ఆయనొక్కడే పండుకొని ఉండె.”

“అవును.”

“నన్ను గూడ గట్లనే పండబెట్టి పోయిన్రు. డాక్టరమ్మ పోయింది, నర్సు పోయింది. త్రివేణి ఆఖరుకు పోయింది. బిడ్డా అని పిలిచిన. వెనుకకు తిరగలే. గంత పెద్ద తలుపు పడ్డది. మల్ల పిలిచిన, ఎవ్వరు పలకలే.” చేతిలోని చింతపండు కింద పెట్టింది. “సంకల ఎత్తుకున్న పిల్ల. అదే మట్టిజేసి పోయినట్టు పోయింది.”

నాకన్నిటికీ భయమే, కానీ ఈ భయం మాత్రం నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి త్రివేణికి చెప్పాను. అది గోడకానుకొని కూర్చుంది.

“చూసిన అమ్మా. టీవీల పెదవులు కదులుతున్నయి. మైకు మా దిక్కు బంద్ ఉన్నది. దేవున్ని మొక్కుతున్నదేమో అనుకున్న.”

“వెనుకకు తిరిగి చూస్తే ఏమయితుండె నీకు?”

“ఏం గాకపోతుండె. తలుపు పడేదాకా ఆ ముక్క పెట్టెలకెల్లి కదలదు.” కళ్లు తుడుచుకుంది. “మేం బొమ్మ మీద నేర్చుకున్నమమ్మా. బొమ్మ పిలవది గదా.”

తెల్లారి ఇద్దరం చిల్కానగర్ పోయాం. వదిన నాకు చాయ్ ఇచ్చింది. దానికీ ఇచ్చింది, కానీ ముఖం చూడలేదు. త్రివేణి గ్లాసు పట్టుకొని చెప్పింది. “అత్తా, నేను వెనుకకు నడుచుకుంట పోత. మొకం నీ దిక్కే ఉంటది. తలుపు పడేదాకా నీ దిక్కే చూస్త. పడ్డంక మైకుల మాట్లాడుత.” వదిన నా గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. కానీ డాక్టరు చెప్పిన రోజు మేం పోయేసరికి సంచి సర్దుకొని, తాళం చేతిలో పట్టుకొని గడపలో నిలబడి ఉంది.

డాక్టరమ్మ చూసి నన్ను పక్కకు పిలిచింది. పుండు మళ్లీ లేచిందని, పూర్తిగా మానుతుందన్న ఆశ ఇప్పుడు తక్కువని, మిగిలినవి చేస్తే రక్తం పోవడం ఆగి కొన్నాళ్లు సుఖంగా ఉంటుందని చెప్పింది. ఆమె చెప్పినట్టే అయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చి వీధంతా పటాకులు కాల్చిన నాటికి వదిన లేదు. కానీ ఆ పొద్దు నేను అడగాల్సింది ఒక్కటే అడిగాను, నన్ను బయట మిషన్ కాడ కూర్చోనిస్తారా అని. విశ్వనాథం సారు ఒప్పుకున్నాడు.

గొట్టాలు బిగించారు. అందరూ బయటికొచ్చారు. త్రివేణి చివర. మంచం దిక్కు ముఖం పెట్టి, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ వచ్చింది. మూల మలుపు దగ్గర మందుల బండి తగిలి తూలింది. నర్సు పిల్ల కిసుక్కుమంది.

“ఏమ్మా, దేవుడికి వీపు చూపకుండా గుళ్లోంచి వస్తున్నావా?” అన్నాడు సారు.

“అవును సార్” అంది అది. తలుపు పడేదాకా కళ్లు తిప్పలేదు.

ఎర్ర లైటు వెలిగింది. టీవీలో వదిన కళ్లు మూసుకొని ఉంది. త్రివేణి ఒక కన్ను మిషన్ మీదే పెట్టి, మైకు నొక్కింది.

“అత్తా, నేను. బయటనే ఉన్న. కదలకు.”

మైకు వదిలి, మళ్లీ నొక్కింది.

“అత్తా, చూస్తున్న. నువ్వు పిలిస్తే ఇనబడుతది ఇయాల.”

మిషన్ చప్పుడు ఒక్కటే. వదిన పెదవులు కదల్లేదు. ఛాతీ లేస్తోందా లేదా అని టీవీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ప్రాణమే పోయిందేమోననిపించి సారు చెయ్యి పట్టుకున్నాను. ఊపిరి తీస్తోందమ్మా, చూడండి, అన్నాడు ఆయన మెల్లగా.

త్రివేణి మైకు మీదికి వంగింది. పిలవడం ఆపలేదు. “అమ్మ గూడ ఈడనే ఉన్నది. ఇనబడుతున్నదా అత్తా? ఎవ్వరం పోలేదు. అత్తా. ఓ అత్తా.”

టీవీలో వదిన కళ్లు తెరిచింది. తల కదపకుండా, కప్పుకేసి చూసింది. స్పీకరు డబ్బాలోంచి ఆమె గొంతు వచ్చింది, గరగరగా.

“ఏందే పిల్లా, కూరగాయల బండోని లెక్క ఒర్రుతున్నవు. ఇంటున్న.”