టాకాలేసిన తెల్లకోటు

పై వాటా కోడలు చీకటితో లేచి వెళ్లేది పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చెయ్యడానికేనని ఎదురింటావిడ అందట. ఆ పిల్ల చెయ్యి తగిలితే చాలు, జ్వరం దానంతటదే దిగిపోతుందని కూడా అందట. ఈ కబురు మోసుకొచ్చిన అత్తగారి మొహం చాటంత అయింది. రక్తం తీసే గొట్టాలు సంచిలో సర్దుకుంటున్న కోడలి చేతిలోంచి దూది చుట్ట జారిపడింది.

"మళ్లీ మీరే ఏమన్నా చెప్పారా అత్తయ్యా?"

"కొత్తగా నేను చెప్పేదేముందే? డాక్టరు చదివినదాన్ని డాక్టరనక కండక్టరనమంటావా?"

చదివిన మాట నిజమే. పరాయి దేశంలో ఆరేళ్లు చదివింది. అక్కడ బడి చదువు కాగానే నేరుగా వైద్యంలో చేరవచ్చు. పట్టా చేతిలో పెడుతూనే డాక్టరని పిలిచేస్తారు. ఆమె స్నేహితురాలు వెళ్లిన ఇంకో దేశంలో అయితే, ముందు వేరే డిగ్రీ ఒకటి చేతబట్టుకొస్తేగాని వైద్య కళాశాల గుమ్మం తొక్కనివ్వరు. ఇక్కడేమో బయట చదివొచ్చినవాళ్లు ఒక పరీక్ష గట్టెక్కాలి. ఆమె రెండుసార్లు తప్పింది. మూడోసారి కోసం చదువుతూ ల్యాబులో రక్తం తీసే పనిలో చేరింది. చేరిన రోజునే యజమాని వేలు చూపించి మరీ చెప్పాడు: "రోగికి ఒక్క మాత్ర పేరు చెప్పావో, నిన్నూ నన్నూ కలిపి లోపలేస్తారు." ఆనాటినుంచీ వెనక నుంచి ఎవరు "డాక్టరమ్మా" అన్నా ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంటుంది.

మెట్లు దిగుతూ కింది వాటా ముందు పిల్లిలా అడుగులేసింది. అయినా దర్జీ తాత చూడనే చూశాడు. పెదాల మధ్య గుండుసూదులు, ఒళ్లో తెల్లగుడ్డ.

"ఆగు డాక్టరమ్మా. ఇంకా పెద్ద డాక్టరవడానికేదో పరీక్ష రాస్తున్నావటగా, అది నాకెందుకుగానీ, కోటు మాత్రం సిద్ధమవుతోంది." తాత ఎన్నడూ ఎవరికీ టేపు పెట్టి కొలవడు. మనిషి నాలుగడుగులు నడిస్తే కళ్లతోనే కొలుస్తాడు. ముందు నల్లదారంతో వదులుగా టాకాలేసి, ఒంటికి వేసి చూశాకే అసలు కుట్టు వేస్తాడు.

"ఏ దేశం చదువైతేనేం? అక్కడి మనుషులకు గుండె కుడిపక్కనుంటుందా ఏం?" అని నవ్వబోయి ఆగిపోయాడు. ఎడమ భుజం రుద్దుకున్నాడు. "తెల్లారుజాము నుంచీ ఇక్కడ లాగుతోంది. రాత్రి తిన్నది అరగలేదేమో."

చల్లటి పొద్దున తాత నుదుటి మీద చెమట. ఆమె గమనించింది. అది అరగకపోవడం కాదు. మణికట్టు పట్టుకుందామని చెయ్యి చాచి, పామును చూసినట్టు వెనక్కి లాక్కుంది.

"ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి తాతగారూ."

"డాక్టర్లంతా ఇంతే, ఒకరి మీదికొకరు తోసేస్తారు. ఇంట్లో నువ్వుండగా నేనెక్కడికెళ్లను? సాయంత్రం వచ్చి చూడు, కోటు కూడా వేసుకుని చూద్దువుగాని."

'నేను డాక్టర్ని కాదు' అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో తాత భార్య, బామ్మ, ఆశగా చూస్తోంది. పైన పిట్టగోడ మీంచి వంగి అత్తగారు వింటున్నారు.

"సరే... కానీ ముందు ఆసుపత్రికి వెళ్లండి," అంది.

తాతకు 'సరే' ఒక్కటే వినిపించినట్టుంది. తలాడించి మిషను ముందు కూర్చున్నాడు.

ఆ పూట ఆమెకు ఒక్క నరమూ సరిగా దొరకలేదు. ఒకాయన చెయ్యి లాక్కుని, "నన్ను జల్లెడ చేస్తావా అమ్మా?" అన్నాడు. సూది పక్కన పెట్టి వరండాలోకి వెళ్లి అత్తగారికి ఫోను చేసింది.

"తాతగారు ఆసుపత్రికి వెళ్లారా?"

"ఎందుకూ? సాయంత్రం నువ్వు చూస్తానన్నావుగా. మిషను చప్పుడు వినిపిస్తూనే ఉందిలే."

"వెంటనే పంపించండి అత్తయ్యా. నేను డాక్టర్ని కానని చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

"నెమ్మదిగా మాట్లాడు, పక్కవాళ్లు వింటారు," అని ఆవిడ ఫోను పెట్టేశారు.

ఆమె సంచి అక్కడే వదిలి బస్సెక్కింది. ఎర్రదీపం పడ్డచోటల్లా లేచి ముందుకు తొంగిచూసింది. వీధి మలుపులో దిగి చెవులు రిక్కించింది. మిషను చప్పుడు లేదు. కింది వాటా ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి.

"డాక్టరమ్మ వచ్చింది, జరగండి జరగండి!" అంది ఎదురింటావిడ. జనం దారి ఇచ్చారు. మిషను పక్కన చాప మీద తాత పడుకుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని, పొద్దున భయపడి వదిలేసిన మణికట్టు ఇప్పుడు పట్టుకుంది. చల్లగా ఉంది. ఎంతసేపు పట్టుకున్నా ఏమీ అందలేదు.

"వెళ్దాం పద అంటే వింటేనా," అంది బామ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "డాక్టరమ్మ చూస్తానంది, ఈలోపు కోటు కానిస్తానన్నాడు."

అత్తగారు తల పక్కకు తిప్పుకున్నారు.

"నేను డాక్టర్ని కాదు బామ్మా. ఈ దేశంలో కాదు."

బామ్మ కుర్చీ మీది తెల్లకోటు తీసి ఆమె ఒళ్లో పడేసింది. భుజాల దగ్గర నల్లటాకాలు అలాగే ఉన్నాయి. కాలరులో గుచ్చిన సూదికి దారం ఇంకా వేలాడుతోంది.

"ఆ ముక్క పొద్దున ఆయనతో చెప్పాల్సింది."