బావగారు మెరుగుపెట్టిన షీల్డులు

బావగారికి రాని విద్య లేదు. లేజర్ మిషన్ ఒక్కటే రాదు, కానీ ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

దుకాణం ఆయనది, చాకిరీ మరదలిది. పదేళ్లుగా ఆ మిషన్ మీద యాక్రిలిక్ ప్లాస్టిక్ షీట్లు కోసి బహుమతి షీల్డులు తయారుచేసేది ఆవిడే. అలాంటిది ఈ పదిరోజులుగా ప్రతి షీల్డుకీ అంచుల్లోంచి వెంట్రుకల్లా పగుళ్లొస్తున్నాయి. ఒక స్కూలు సరుకంతా వెనక్కి పంపేసింది.

"నీ చెయ్యి మొద్దుబారిందమ్మాయ్. సోమవారం నుంచి మిషన్ మీద మా తమ్ముడు కూర్చుంటాడు" అనేశారు బావగారు. ఆ తమ్ముడు మూడు ఉద్యోగాలు వెలగబెట్టి ఇంటికొచ్చిన ఘనుడు.

ఆవిడ మిషన్ విప్పి కూర్చుంది. లెన్స్ తుడిచింది, గాలి గొట్టం మార్చింది, వేగం తగ్గించి చూసింది. బావగారు వెనకాల నిలబడి "పవర్ పెంచు" అన్నారు. పెంచితే అంచు కరిగి బుడగలొచ్చాయి. "ఎవరు పెంచమన్నారు నిన్ను?" అన్నారు అదే నోటితో.

గురువారం సొరుగులో స్కేలు వెతుకుతుంటే, మాదిరికని కోసి మర్చిపోయిన షీల్డొకటి దొరికింది. వెనక్కొచ్చినవాటి షీటే, అదే రోజు కోత. ఒక్క పగులు లేదు. మిగతావాటికి జరిగి దీనికి జరగనిదేమిటా అని తలెత్తి చూసింది. గాజు తలుపు అవతల బావగారు స్పిరిట్ సీసా ముందేసుకుని, పసిబిడ్డకి మొహం కడిగినట్టు ఒక్కో షీల్డూ తుడుస్తున్నారు. కొనేవాళ్లకి తళతళలాడుతూ ఇవ్వాలని పదిరోజుల కిందట మొదలెట్టిన ముచ్చట అది.

చేతిలోదాని అంచుకి ఓ మూల స్పిరిట్ రాసి కూర్చుంది. కాసేపటికి ఆ మూలే పగిలింది.

వెంటనే వెళ్లి చెప్పింది. "లేజర్ వేడికి అంచు బిగుసుకుని ఉంటుంది బావగారూ. స్పిరిట్ తగిలితే పగుల్తుంది. సబ్బునీళ్లు చాలు."

"సూదేసేముందు మనుషులకే రాస్తారు స్పిరిట్. ప్లాస్టిక్‌కి వచ్చిందా నొప్పి?" అన్నారాయన. పక్కనే ఉన్న తమ్ముడు ఇకిలించాడు.

ఆవిడ తిరిగెళ్లి అదే షీటులోంచి మరో ముక్క కోసింది. శనివారం ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్ నిలదీయడానికి వచ్చేసరికి, బావగారి బల్ల మీద కొత్త బోర్డు పెట్టి ఉంది. ఆయన పేరు, కింద 'యజమాని'.

"మీకే బావగారూ. దయచేసి తుడవకండి" అంది అందరూ వినేలా.

వద్దన్నాక ఆగే మనిషా? సీసా వంపి, గుడ్డతో బోర్డంతా రుద్దుతూ "లోపం పనివాళ్లదేనండీ, సోమవారం మనిషిని మార్చేస్తున్నా" అని హెడ్మిస్ట్రెస్‌కి అభయమిచ్చారు. టీ తెప్పించారు. కప్పు సగమయ్యేలోపు బోర్డు అంచులోంచి పగులు బయల్దేరి ఆయన పేరులోంచి నడిచి 'యజమాని' దగ్గర ఆగింది.

హెడ్మిస్ట్రెస్ సీసా మూత తీసి వాసన చూసింది. "మార్చండి. కోసేవాళ్లని కాదు, తుడిచేవాళ్లని" అంది.

సోమవారం తమ్ముడు అన్నమాట ప్రకారమే వచ్చి కూర్చున్నాడు, సబ్బునీళ్ల గిన్నె ముందు. ఆవిడ మిషన్ ఆన్ చేసి, మొదటి షీల్డు కోసి, మెల్లగా వాడి ముందుకి తోసింది.