గడప బయటి వాకర్

నేను ఒక వాకర్‌ని. నాలుగు అల్యూమినియం కాళ్ళు, వాటికి రబ్బరు తొడుగులు. నన్ను వంచి బిగించిన రేకుల షెడ్డులో నాలాంటివి గుట్టలుగా ఉండేవి. మనుషులకు కాళ్ళు పడిపోవడం ఎంత మామూలు సంగతో నాకు అక్కడే తెలిసింది.

మొదట నన్ను కొన్నది రిటైరైన డ్రిల్లు మాస్టారు. నన్ను పట్టుకుంటే పరువు పోతుందని తలుపు వెనక దాచాడు. గోడ పట్టుకుని నడిచి, స్నానాల గదిలో జారిపడి చనిపోయాడు. పరువు మాత్రం దక్కింది.

తర్వాత పైడమ్మ దగ్గరికి వచ్చాను. పక్షవాతం తగ్గుముఖం పట్టినా, ఆమె ఎడమ కాలి వేళ్ళు పైకి లేవక నేలను రాసుకుంటూ వచ్చేవి. "ఇది లేకుండా అడుగు వెయ్యకు మామ్మా" అని ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి చెప్పి పంపింది. పైడమ్మకు ఒకటే పంతం. పెరట్లోని మరుగుదొడ్డికి తానే వెళ్ళాలి, కోడలు కొండమ్మ చేత కడిగించుకోకూడదు.

వచ్చిన రోజే కొండమ్మ నన్ను గడప దగ్గర ఆపేసింది.

"దొడ్డికెళ్ళిన సెంబు గడప దాటకూడదని నాను కాపరానికొచ్చిన కాడ్నుంచీ నువ్వే కదత్తా సెప్పినావు. ఇదీ దొడ్డికెళ్తాదిగా!"

ఆ చెంబు గురించే పైడమ్మ ఒకప్పుడు ఈ కోడలిని వీధంతా వినేలా తిట్టింది.

"ఓలమ్మా, మరి నాను దాటీదెలాగే?"

"గుమ్మం పట్టుకో. గడప మీద మాత్రం కాలెట్టకు, లచ్చిందేవి. అదీ నువ్వు సెప్పిందే."

అలా, నేను కావలసిన ఆ ఒక్క చోటా నేను లేకుండా పోయాను.

ఒక శుక్రవారం పొద్దున్న కొండమ్మ గడప కడిగి పసుపు రాసింది. తడి ఆరకముందే పైడమ్మకు అవసరం పడింది.

"ఒలే కొండమ్మా, దాన్నొకపాలి ఇలా అందీవే!"

"పూజలో ఉన్నానత్తా!"

పైడమ్మ కుడికాలు దాటించింది. ఎడమ కాలి వేళ్ళు గడపకు తట్టుకున్నాయి. నా వైపు చెయ్యి చాచింది. నాలుగు కాళ్ళుండీ నేను కదల్లేదు. తుంటి విరిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. లోపల గంట మోగుతూనే ఉంది.

"పట్టుకుని దాటమంటే ఇన్నాదా!" అని వచ్చినవాళ్ళందరికీ కొండమ్మ చెప్పింది. నిజంగానే ఏడుస్తూ చెప్పింది.

ఇప్పుడు పైడమ్మ మంచం దిగదు. ఆమె కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళేన్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొండమ్మే మోస్తుంది. అది రోజూ నిండుగా గడప దాటి బయటికి వస్తుంది, కడిగాక మళ్ళీ గడప దాటి లోపలికి వెళ్తుంది. దాన్ని ఎవరూ ఆపరు. నేను మాత్రం బయటే ఉన్నాను. పైడమ్మ తడిపిన దుప్పట్లు నా మీద ఆరుతున్నాయి.