పక్కన పెట్టించిన దవడ

అమ్మ పోయిందని ఫోను వచ్చేసరికి నేను మా ఆయన క్యారేజీకి మూత బిగిస్తున్నాను. విన్నాను. మిగిలిన పప్పు చిన్న గిన్నెలోకి తీశాను. పొయ్యి గట్టు తుడిచాను. ఆ తరవాతే ఏడ్చాను.

పొందూరులో అమ్మ మంచం కింద ఆమె రాట్నం, పాత గుడ్డలో చుట్టిన వాలుగ చేప దవడ ఉన్నాయి. మా ఊళ్లో ఆడవాళ్లు పత్తిని గింజ మీద ఉండగానే ఇలాంటి దవడ పళ్లతో దువ్వుతారు. సన్న ఖద్దరుకి తొలి పని అదే. అమ్మ జీవితమంతా ఆ పని చేసింది. దవడ ఒక్కటి విజయనగరం తెచ్చుకున్నాను. మా అత్తగారు బాలసరస్వతి గారిది గుళ్లో కీర్తనలు పాడే కుటుంబం. "వంటింటి వైపు తేకమ్మా, నీసు కదా," అన్నారు. గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచరు. అందుకేనేమో ఎదురు చెప్పడం నాకు అలవాటు కాలేదు. దవడను నేను పాఠాలు చెప్పే బడికి తీసుకెళ్లే సంచిలో పెట్టుకున్నాను.

మా ఆయన దేవేంద్ర విశాఖపట్నంలో వీడియో గేములు చేసే చిన్న కంపెనీలో పనిచేస్తాడు. వాళ్లు మా ఇద్దరి సొంత జిల్లాల మీద ఒక గేము చేశారు. ఆడేవాళ్లు ఊరూరా తిరిగి బొబ్బిలిలో వీణ, బుడితిలో ఇత్తడి చెంబు, పొందూరులో ఖద్దరు పంచె సంపాదించాలి. అందులో మనుషులు మాట్లాడే మాటలన్నీ నేను రాసినవే. గిన్నెలు కడిగాక కూర్చుని రాసేదాన్ని. "నీకు తెలిసిందే కదా, ఓ అరగంట పని," అనేవాడు దేవేంద్ర. చివర్లో పేర్లు వేసేటప్పుడు 'కుటుంబ సభ్యుల సహకారంతో' అని వేశారు.

గేములో పొందూరు వస్తే ముందు మగ్గం దగ్గర ఒక ముసలాయన కనిపిస్తాడు. ఖద్దరు గొప్పతనమంతా ఆయనే చెబుతాడు. పక్కన మల్లెపూలు పెట్టుకున్న పిల్ల చెక్క దువ్వెనతో పత్తి దువ్వుతుంటుంది. ఆ పిల్లను తాకితే నవ్వుతుంది. అంతే. చెక్క దువ్వెన నేను చెప్పిందే. దేనితో దువ్వుతారని బొమ్మలు గీసేవాళ్లు అడిగినప్పుడు అత్తగారు పక్కనే చిక్కుళ్లు ఒలుస్తున్నారు. "దువ్వెనలాంటిదే, చెక్కది పెట్టేయండి," అన్నాను.

గేము బయటికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్లో అడిగింది. "ఏటే, నా దవడ ఎట్టినారా ఆటలోన?"

"పెట్టారమ్మా."

"పోనీలే. నా పళ్లూడిపోనాయి గానీ దాని పళ్లుంటాయి," అని నవ్వింది.

కర్మలయ్యాక ఒక సాయంత్రం దేవేంద్ర టీ తాగుతూ, "గేము మళ్లీ సరిచేసి విడుదల చేస్తున్నారు. పత్తి దువ్వే ఆ పిల్లకి అత్తయ్య పేరు పెడదామంటున్నారు, చిన్నతల్లి అని. గౌరవంగా ఉంటుంది. నువ్వు సరేనంటే చాలు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఫోన్లో ఆడిన అబద్ధానికి అమ్మ పేరే తెచ్చి అతికిస్తున్నట్టు అనిపించింది. సంచిలోంచి దవడ తీసి భోజనాల బల్ల మీద పెట్టాను.

"ఇది ఆమె చేతిలో ఉండాలి. ఆమె నోరు విప్పి పని చెప్పాలి. లేకపోతే అమ్మ పేరు వద్దు."

"బల్ల మీదా?" అన్నారు అత్తగారు.

"అవునండీ. బల్ల తుడిచేది నేనే కదా."

దేవేంద్ర దవడను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "సరే, అడుగుతాను. కానీ దీన్ని ఎలా పట్టుకుంటారో వాళ్లకి తెలీదు. అత్తయ్య పని చేస్తున్న వీడియో ఇవ్వు, చేతులు బాగా కనబడాలి," అన్నాడు.

ఫోను తెరిచాను. అమ్మ వీడియోలు చాలా ఉన్నాయి. అన్నిట్లో ఒళ్లో చేతులు పెట్టుకుని నా వైపు చూస్తోంది. తీసిన ప్రతిసారీ నా గొంతే ముందు వినిపిస్తోంది. "అమ్మా, అది పక్కన పెట్టి ఇటు చూడు." ఒక దాంట్లో అమ్మ, "పని మానిపించేసి పనిమంతురాలినని తీత్తన్నావేటే?" అంటోంది. చాప చివర దవడ కొన మాత్రం కనిపిస్తోంది.

మర్నాడు అత్తగారి వత్తుల పత్తి కొంచెం తీసి దవడకు ఆనించి లాగాను. ముద్దలా చిరిగిపోయింది. అమ్మతో కలిసి వడికిన పద్మకుమారి పిన్నికి ఫోను చేశాను.

"సిన్నతల్లి కూతురివి, నీకు రాదేటి?" అంది. తరవాత మెత్తబడి, "ఫోన్లో సెప్తే వచ్చే పనేటే ఇది? రా, నా పక్కన కూకో. నేర్పుతాను," అంది. ఆదివారం వస్తానన్నాను.

మొదటి ఆదివారం మా ఆడపడుచు వాళ్లు భోజనానికి వచ్చారు. తరవాతి ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దాను. నిన్న, మూడో ఆదివారం, ఆడపడుచు అత్తవారింట్లో సీమంతమన్నారు. దవడ సంచిలోనే ఉంది, పుస్తకాల పక్కన. గేములో ఆ పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు. నేనింకా పొందూరు వెళ్లలేదు.