అర్జంటు కొనుగోలు

"చెయ్యి కడుక్కునొచ్చి ఇక్కడో సంతకం పెట్టవోయ్," అన్నాడు సాంబశివరావు వసారాలోంచి.

నాగమల్లేశ్వరి పెరటి గట్టు మీద రొయ్యలు ఒలుస్తోంది. భర్తా, ఆయన అక్కమొగుడు సోమేశ్వరరావూ రెండో విడత కాఫీ తాగుతున్నారు. సోమేశ్వరరావుకి బందరులో కుట్టుమిషన్ల కొట్టుంది. గుడివాడ మహిళా సమాజానికి సర్కారువారు ఎనిమిది మిషన్లు మంజూరు చేశారన్న కబురు, సమాజం ప్రెసిడెంటైన ఆమెకంటే ముందు ఆయనకే చేరింది. పెద్దమనిషి పెళ్లామని ఆమెను ప్రెసిడెంటును చేశారు. పేరు ఆమెది, పెత్తనం మొగుడిది.

ఆమె సంతకం పెట్టవలసింది ఒక తీర్మానం మీద. అవసరం అర్జంటు గనుక టెండర్లు పిలవకుండా, మూడు కొటేషన్లు చూసి సరుకు తీసుకోవచ్చునట. ఆ మూడూ సోమేశ్వరరావే పట్టుకొచ్చాడు. ఒకటి తనది, తక్కిన రెండూ పక్క కొట్లవాళ్ల చేత నాలుగు రూపాయలు ఎక్కువ వేయించినవి. రేపు వాళ్లకి పని పడితే ఈయన వేసిస్తాడు. బజారులో ఇది మామూలే. దాచుకోవలసిన సంగతని కూడా ఎవరికీ తోచదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏం మునిగిపోతోందని అర్జంటు? పోయినేడు సమాజానికి నూలు వడికే అంబర్ చరఖాలు కూడా ఇలాగే అర్జంటుగా, ఈ సోమేశ్వరరావు చేతిమీదుగానే వచ్చాయి. నెల తిరక్కుండా చక్రాల పళ్లు అరిగిపోయి అటకెక్కాయి. అరిగిన చక్రం చూపించబోయిన సమాజం సభ్యురాలు ధనమ్మను పట్టించుకున్న నాథుడు లేడు. ఆడాళ్ల చేతిలో పెడితే ఏ యంత్రం బతుకుతుందని ఈ వసారాలోనే నవ్వుకున్నారు. ఇప్పుడు మిషను కోసం ఖైరున్ బీ కళ్లు కాయలు కాసేలా చూస్తోంది. మొగుడు పోయాక చేతికుట్టు జాకెట్ల మీదే పిల్లల్ని సాకుతోంది, చూపేమో మందగిస్తోంది. ఆ మిషను కూడా అటకెక్కితే ఆ మనిషి గతేమిటి? అయినా సమాజం దాకా ఎందుకు, ఈ ఇంట్లో కత్తిపీట ఎంచేది కూడా మొగుడే. తరిగేది తను, అది మొద్దుబారితే మాట పడేదీ తనే. ఒక్కనాడైనా కూరలు తరిగావా నాయనా అని అడిగే దిక్కు లేదు.

ఆమె చేతులు కడుక్కోలేదు. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పెట్టనండీ. పేపర్లో వేయించి సీలు కవర్లలో టెండర్లు పిలుద్దాం. టెండరు వేసినవాళ్లు తలా ఒక మిషను సమాజానికి తెచ్చిపెట్టాలి. ఖైరున్ బీ, ధనమ్మా కుట్టి చూసి బాగుందన్నాకే కవర్లు విప్పేది. అన్నయ్యగారూ, మీరూ వేయండి."

సోమేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. సాంబశివరావు బావ ముఖంలోకి చూసి పకపకా నవ్వాడు.

"మిషన్లకి పెళ్లిచూపులంట బావా."

పెళ్లిచూపులంటే ఈయనకేం తెలుసు? పామిడిముక్కలలో పుట్టింటి చావిట్లో అత్తగారు తన జడ విప్పించి, సవరమేమోనని పట్టి లాగింది. కాలు వంకరేమోనని నడిపించింది. సూదిలో దారం ఎక్కించమంది. పళ్లు చూడటానికి నవ్వమంది. నవ్వింది తను, సిగ్గులేకుండా, నలుగురి ముందూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తనమీద తనకే అసహ్యం పుడుతుంది. అసహ్యపడవలసింది తను కాదని ఇన్నేళ్లకు, రొయ్యల నీచు చేతులతో ఈ గుమ్మంలో నిలబడ్డాక తెలిసింది.

"మీ అమ్మగారు నన్ను ఒప్పుకునేముందు ఆరుగుర్ని చూసొచ్చారండీ," అంది గొంతు పెంచకుండా. "తప్పులేదు, తెచ్చుకునేవాళ్లు చూసుకోవాలిగా. నాకు మాత్రం మిమ్మల్నొక్కర్నే చూపించారు. ముహూర్తం దాటిపోతుంది, అర్జంటన్నారు."

సాంబశివరావు నవ్వు ఆగిపోయింది. బావ ముందు ఏం మాటలివి, లోపలికి నడువంటూ కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె కదల్లేదు.

"అప్పుడు నా సంతకం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు కావాలిగా. పెట్టను."