న్యాయదేవత ఒంటికన్ను

మద్దిలేటి నోట్లో అన్యాయం అన్న మాట పొద్దస్తమానం నానుతూనే ఉంటుంది. టీలో చక్కెర తగ్గితే అన్యాయం. కరెంటు పోతే అన్యాయం. నంద్యాల బస్సు చెయ్యెత్తినా ఆపకుండా పోయిందా, ఇక చెప్పక్కర్లేదు, ఘోరమైన అన్యాయం. కోడికూరలో తనకు మెడముక్క వచ్చిందని ఓసారి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు మహానుభావుడు. "నీ నోట్లో పడి ఆ మాటకే అన్యాయం జరిగిందిలే" అంటుంది పెళ్లాం కమలాక్షమ్మ.

కానీ ఉలి పట్టాడంటే మాత్రం అతనికి వంక పెట్టే మొనగాడు ఆళ్లగడ్డలో లేడు. నాలుగు తరాలుగా రాయి చెక్కుతున్న ఇల్లు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా ఆఖర్న తెరుస్తారు. తెరవకుండా గడప దాటించరు. కళ్లు తెరిచేదాకా అది ఉత్త రాయే.

అట్లాంటి ఇంటికి నంద్యాల నుంచి లాయరు నరసింహులు వచ్చి, కొత్త ఆఫీసులోకి న్యాయదేవత కావాలన్నాడు. మద్దిలేటి ముందూవెనకా చూడకుండా సరేనని మాటిచ్చేశాడు. ఆ తర్వాత గానీ లాయరు ఫోన్లో బొమ్మ చూపించలేదు.

"ఏం సార్, ఈయమ్మకు కండ్లకలకా?"

"అవి గంతలప్పా! ఎదురుగుండేది ఎవరని చూడకుండా తీర్పు చెప్తాదని."

"సూడకుండా ఎట్ల చెప్తాది సార్?"

"అది నీకు అర్థం కాదులే. వచ్చే నెల మొదటి సోమవారం ఆఫీసు ప్రారంభం. మాట తప్పొద్దు."

తక్కెడ కుదిరింది. కత్తి కుదిరింది. గంతల దగ్గరికొచ్చేసరికి మద్దిలేటి చెయ్యి ఆగిపోయింది. కళ్లు లేకుండా పంపితే, ఉలి పట్టడం నేర్పి పైకి పోయిన నాయన ఊరుకోడు. పంపకపోతే ఇచ్చిన మాట పోతుంది. మూడు రోజులు అతనికి అన్నం సయించలేదు. చిత్రమేమంటే, ఆ మూడు రోజులూ అతని నోట అన్యాయం అన్న మాటే రాలేదు. కమలాక్షమ్మకు భయమేసి థర్మామీటరు తెచ్చింది.

నాలుగో రోజు ఉపాయం తట్టింది. గుడ్డ కుడివైపు కాస్త జారినట్టు చెక్కి, ఆ సందులో ఒక్క కన్ను తెరిచాడు. రెండూ మూసుకోవడం కంటే ఒంటికన్ను నయం కదా అనుకుని, దండం పెట్టి ఆటో ఎక్కించాడు.

ప్రారంభమైన మూడో రోజు పొద్దున్నే లాయరు ఫోను మోగింది.

"ఏందప్పా నువ్వు చేసిన పని? ప్రారంభానికి వచ్చినోళ్లంతా న్యాయదేవత కన్ను కొడ్తాంది అని నవ్విపోయిరి! కేసులకని వచ్చే మా పార్టీలు ఎదురు కుర్చీలో కూసోలేకపోతాండారు. అబద్ధం చెప్పబోతే నోరు తడబడతాందంట. నాకు పెద్ద అన్యాయం చేస్తివి మద్దిలేటీ! వచ్చి ఆ కన్ను పూడ్చు."

"తెరిచిన కన్ను పూడ్చేది పాపం సార్."

"రాకుంటే నీ దగ్గర విగ్రహాలు కొనొద్దని నంద్యాలంతా చాటిస్తా."

మద్దిలేటి బిక్కచచ్చిపోయాడు. సుత్తి, ఉలి ఎప్పుడూ ఉండే సంచిలోనే రాతిపొడి, జిగురు డబ్బా వేసుకుని నంద్యాల బస్సెక్కాడు.

అతను పోయేసరికి ఆఫీసులో రుద్రవరం నుంచి వచ్చిన హమీదాబీ అనే పెద్దావిడ ఉంది. లాయరు ఫైలులో తల దూర్చి "చెప్పమ్మా, వింటాండా" అంటున్నాడు. ఆమె కుర్చీని విగ్రహం వైపు తిప్పుకుని చెప్పుకుపోతోంది.

"రేషను కార్డుకని మా మరిది ఏలుముద్ర ఏపిచ్చుకున్నాడమ్మా. ఇప్పుడు ఆ కాగితం సూపిచ్చి ఇల్లు తనదంటాండాడు. నా కుట్టు మిషను తెచ్చి బయట పెట్టినాడు. వానకు తుప్పు పట్టింది."

లాయరు తలెత్తాడు. "నేను ఈడుంటే ఆడ ఎవరికి చెప్తాండావమ్మా?"

"నువ్వు కాగితాలు సూస్తాండావు నాయనా. ఈయమ్మ నన్ను సూస్తాంది. నా మొగం సూసి ఒగరు నా మాట ఇని రెండేండ్లాయ."

ఇంత కథలో ఆమె అన్యాయం అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. మద్దిలేటికి అది తట్టింది. ఆ మాటను ఇన్నేళ్లూ తాను దేనిదేనికి వాడాడో తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. బయటికి తీసిన జిగురు డబ్బాను మళ్లీ సంచిలో పడేశాడు.

"సార్, నేను పూడ్చను. నంద్యాలంతా చాటించుకోపో."

లాయరు అతన్ని కొరకొరా చూశాడు. విగ్రహాన్ని చూశాడు. ఆఖరికి హమీదాబీ ముఖం చూశాడు. అట్లా ఎంతసేపు చూశాడో ఏమో, మెల్లగా ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"మద్దిలేటీ, ఇంగో కన్ను తెరవాలంటే ఎంతసేపు పడుతుంది?"

మద్దిలేటి ఉలికిపడ్డాడు. "ఒగ గంట సార్. సుత్తి, ఉలి సంచిలోనే ఉండాయి."

"ఆగు, ఇప్పుడే మొదలుపెట్టాకు" అంటూ లాయరు తన కుర్చీని హమీదాబీ ఎదురుగా లాక్కున్నాడు. "నీ సుత్తి చప్పుడుకు ఈయమ్మ చెప్పేది నాకు వినపడదు."